వృద్ధాశ్రమం కథ: కన్నీరు ఎవరిది, ఖర్చు ఎవరిది?

కొన్నేళ్ళుగా మన కథకులకు వృద్ధాశ్రమం ఒక సిద్ధవస్తువు అయిపోయింది. కథ సాధారణంగా వరండాలో మొదలవుతుంది. తల్లి గేటువైపు చూస్తూ వుంటుంది. కొడుకు అమెరికాలోనో బెంగుళూరులోనో వుంటాడు. కోడలు కఠినురాలు. పండుగనాడు కొడుకు రాడు. అతనికోసం దాచిన అరిసె తల్లి చేతిలోనే వుండిపోతుంది. పాఠకుడు కంటతడి పెట్టుకొంటాడు. తానైతే అలా చెయ్యనని మనస్సులో ఒట్టు పెట్టుకొని పత్రిక మూసేస్తాడు.

ఇలాంటి కథ ఒకటి ఈమధ్య తరగతిలో చదివి వినిపించాను. పిల్లలంతా ఒక్క గొంతుతో కొడుకును దుయ్యబట్టారు. వెనుక బల్లమీది అమ్మాయి ఒకతె లేచి, "అక్కడ నెలకు ఎంత కట్టాలి సార్?" అని అడిగింది. తరగతి నవ్వింది. ఆమె నవ్వలేదు. "మా అమ్మ అలాంటిచోటే ఆయాగా చేస్తుంది సార్. డబ్బు ఆలస్యమైతే ఆ ముసలివాళ్ళ ఎదుటే కొడుకులకు ఫోను చేస్తారట. కథలో ఆ మాట లేదేం?" అంది.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. విమర్శకుడు వేయవలసిన ప్రశ్న ఆ పిల్ల వేసింది.

ఈ లెక్క సాహిత్యానికి తగని వస్తువా? పెద్ద రచయితలు అలా అనుకోలేదు. లియర్ రాజు కథను మనం కృతఘ్నతకు ఉదాహరణగా పాఠం చెబుతాం. కాని ఆ నాటకానికి ఇరుసు ఒక పోషణ ఒప్పందం. రాజ్యం కూతుళ్ళకు పంచి, అందుకు బదులుగా నూరుగురు పరివారంతో నెలకొకరి ఇంట వుంటానంటాడు ముసలిరాజు. ఒక కూతురు ఆ నూరును యాభై చేస్తుంది. రెండవది ఇరవై ఐదు చాలంటుంది. ఆపైన పది, ఐదు, చివరకు ఒక్కడు మాత్రం ఎందుకంటారు. ప్రేమ తరగటాన్ని షేక్స్పియర్ అంకెలలో చూపించాడు. ఆస్తి చేయిదాటిన తరువాత ఒప్పందాన్ని నిలబెట్టే శక్తి ముసలివాడికి లేదు.

బాల్జాక్ ఇంకా ముందుకు పోయాడు. 1835లో వెలువడిన 'గోరియో తండ్రి' నవల జరిగేదే ఒక పూటకూళ్ళ బసలో. సేమ్యా వ్యాపారంలో గడించినదంతా ఇద్దరు కూతుళ్ళకు కట్నాలుగా ఇచ్చి, గోరియో ఆ బసలో చేరతాడు. మొదట మంచి గదులు, ఏడాదికి 1,200 ఫ్రాంకులు. తరువాత పై అంతస్తు, 900 ఫ్రాంకులు. ఆ తరువాత ఇంకా పైకి, నెలకు 45 ఫ్రాంకులు. కూతుళ్ళ అప్పులు తీర్చినకొద్దీ ముసలివాడు మెట్లెక్కుతూ వుంటాడు. బతుకు దిగిపోతూ వుంటుంది. మంచాన పడ్డప్పుడు సేవచేసి, శవసంస్కారానికి డబ్బు సమకూర్చింది ఇద్దరు విద్యార్థులు. కూతుళ్ళ ఇళ్ళనుంచి వచ్చినవి ఖాళీ బళ్ళు. రాచరిక పక్షపాతి అయిన బాల్జాక్‌ను 1888 నాటి లేఖలో ఎంగెల్స్ ఎందుకు మెచ్చుకొన్నాడో ఇక్కడ తెలుస్తుంది. రచయిత అభిమానాలు ఏవైనా, లెక్క మాత్రం దాచలేదు.

మనవాళ్ళ సంగతి చూద్దాం. 2023లో వచ్చిన 'రంగమార్తాండ' చిత్రానికి మూలం మరాఠీ 'నటసామ్రాట్'. శిర్వాడ్కర్ 1970 నాటి ఆ నాటకం మీద లియర్ నీడ స్పష్టం. ఆస్తి పంచి ఇచ్చిన నటుడి వేదన మన గుండెను తాకుతుంది. కాని ఆ వేదన అవమానం దగ్గర ఆగిపోతుంది. శ్రీరమణ 'మిథునం' కథ వేరు దారి. అక్కడి వృద్ధ దంపతులు పిల్లల మీద ఆధారపడరు. నిజమే, కాని వారిని పోషిస్తున్నది సొంత ఇల్లూ పెరడూ. దీర్ఘవ్యాధి కథలోకి రాదు. ఎంత చక్కని కథ అయినా, పెరడు లేనివాడికి అది కలే.

ఇక కథలు కాని ఒక రచనను చదవండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని వ్యాకరణం గమనించదగ్గది. సంతానం పోషించి తీరాలి. ట్రిబ్యునలు వేయగల భరణానికి గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. ప్రభుత్వం విషయానికి వచ్చేసరికి క్రియాపదం మారిపోతుంది. జిల్లాకు కనీసం ఒకటిగా, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలు స్థాపించవచ్చును అన్నారు. కొడుక్కి 'తప్పదు'; ప్రభుత్వానికి 'వచ్చును'!

అదే 2007లో జాతీయ హౌసింగ్ బ్యాంకు మరొక దారి చూపింది. 60 ఏళ్ళు దాటినవారు సొంత ఇంటిని తాకట్టుపెట్టి నెలనెలా డబ్బు తీసుకోవచ్చు. అంటే ముసలితనం ఖర్చుకు ఆ ఏడు మనకు దొరికిన ఆధారాలు రెండు: కొడుకు జీతం, ముసలివాడి కప్పు. రెండూ లేనివాడికి మిగిలేది పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో దానిని 2024లో 4,000 రూపాయలు చేశారు. ఎంతో పోరాటం మీద వచ్చిన మేలు అది. మంచాన పడ్డ మనిషికి రాత్రింబవళ్ళు మనిషిని పెట్టడానికి అది చాలదు. 70 దాటినవారికి అదే ఏడాది వచ్చిన 5 లక్షల వైద్యబీమా ఆసుపత్రిలో చేరితే పనికివస్తుంది. ఇంటికి వచ్చిన తరువాతి సేవకు కాదు.

అందుచేత వాస్తవంలో ఏం జరుగుతున్నది? అన్నదమ్ములు వంతులు వేసుకొంటారు. అక్కచెల్లెళ్ళను, ఆస్తిలో వాటా అడగనివారిని కూడా, ఖర్చులో వాటా అడుగుతారు. ఒకడు అరెకరం అమ్ముదామంటాడు, ఇంకొకడు అమ్మ గాజులు బ్యాంకులో పెడదామంటాడు. తల్లి పక్కగదిలో అంతా వింటూ వుంటుంది. మన కథకు నిజమైన రంగం ఇది.

'అయితే కొడుకును క్షమించమంటారా?' అని అడగవచ్చు. లేదు. వుండీ పెట్టనివాడు వున్నాడు, వాడిని వదలవద్దు. కాని వాడొక్కడినే చూపిస్తే, లేక పెట్టలేనివాడు కూడా వాడి ముఖంతోనే కనబడతాడు. మరొక సంగతి. ఆశ్రమాలు లేని ఉమ్మడి కుటుంబంలో ఈ ఖర్చు లేదా? వుంది. కోడలు ఎత్తిపోసిన నీళ్ళలో, మార్చిన పక్కలలో, నిద్రలేని రాత్రులలో వుంది. కూలి కట్టలేదు కనుక లెక్కకు రాలేదు. ఆ కోడలు ఉద్యోగానికి పోయిననాడు ఆమెను కఠినురాలని రాస్తున్నాం. ఆమె విడిచిన పనిని అందుకొన్న ఆయాను అసలు రాయటమే లేదు.

కరుణరసం వద్దని నేననటం లేదు. కన్నీటికి చిరునామా వుండాలంటున్నాను. అది కొడుకు గుండె దగ్గరే ఆగితే పాఠకుడు మంచివాడై నిద్రపోతాడు. 'వచ్చును' అన్న క్రియాపదం దాకా పోతే మేలుకొంటాడు.

అరిసె పట్టుకొన్న తల్లి కథ మనకు చాలినన్ని వున్నాయి. ఆ తల్లికి పక్క మార్చి, రాత్రి చివరి బస్సుకు ఇంటికి పరుగెత్తే స్త్రీ కథ రావలసివుంది. ఆమెకు ఇల్లు లేదు తాకట్టు పెట్టడానికి. ఆమె కూతురు మా తరగతిలో వెనుక బల్లమీద కూర్చొని చదువుకొంటున్నది. రేపు తల్లి మంచాన పడితే ఖర్చు లెక్క వేయవలసింది ఆ పిల్లే. అందుకే ఆమె ముందుగా ధర అడిగింది.