మయోత్ ద్వీపంలో చేపల, పశువుల నియమాలు: ఒక విమర్శ

చేపలవేటకు, పశువుల ఆరోగ్యానికి సంబంధించిన చట్టాలు ఇతర చట్టాలవంటివి కావు. అవి మనుష్యులను మాత్రమే గాక నీటిని, నేలను, క్రిమికీటకాలను కూడ దృష్టిలో ఉంచుకొని చేయవలసినవి. ఒక దేశపు నియమాలను వేల మైళ్ల దూరంలోని ఒక ద్వీపానికి వర్తింపజేసినప్పుడు ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. 2014 జనవరి 1న ఐరోపా సమాఖ్యలో సుదూర ప్రాంతంగా చేరిన మయోత్ ద్వీపం ఇందుకు మంచి ఉదాహరణ. దానికోసం సమాఖ్య 2013 డిసెంబరులో చేసిన సవరణలలో మెచ్చదగినవీ, లోపభూయిష్టమైనవీ రెండూ ఉన్నవి.

ద్వీపం - దాని జలాలు

మయోత్ హిందూ మహాసముద్రంలో, ఆఫ్రికా తీరానికీ మడగాస్కర్‌కూ నడుమ ఉన్నది. దీని వైశాల్యం 374 చదరపు కిలోమీటర్లు. అగ్నిపర్వతాల వలన ఏర్పడిన ఈ నేలకు చుట్టూ పగడపు దిబ్బ ప్రాకారంవలె నిలిచి ఉన్నది. ఆ దిబ్బకూ ఒడ్డుకూ మధ్యనున్న ప్రశాంత జలాన్ని లగూను అంటారు. దాని విస్తీర్ణం సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు. అనగా ద్వీపానికి దాదాపు మూడు రెట్లు.

1975లో కొమొరో దీవులలో తక్కిన మూడూ స్వతంత్రమైనప్పుడు మయోత్ ఫ్రాన్సుతోనే ఉండిపోయింది. కొమొరో ప్రభుత్వం మాత్రం దీనిని నేటికీ తనదిగానే చెప్పుకొంటున్నది. 2009 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన పిమ్మట, 2011లో ఇది ఫ్రాన్సులో ఒక పూర్తి పాలనా విభాగమైనది. 2017 జనాభా లెక్కలలో ఇక్కడ రెండున్నర లక్షలకు పైగా జనం ఉన్నట్లు తేలింది.

ఇక్కడి జాలరులు ఎక్కువమంది చిన్న దోనెలలోను, మోటారు బిగించిన చిన్న పడవలలోను వేటకు పోతారు. ఆటుసమయంలో స్త్రీలు లోతులేని నీటిలో నిలిచి గుడ్డనే వలగా పట్టి చిన్నచేపలను పోగుచేసే పద్ధతి కూడ ఉన్నది. దానిని జరిఫా అంటారు. పశుపోషణ కూడ చిన్నదే. కుటుంబానికి కొద్దిపాటి మూపురపు పశువులు, మేకలు ఉంటవి.

సవరణలలో ఏమున్నది?

మొదటిది, ట్యూనా చేపల గుంపును చుట్టుముట్టి అడుగు బిగించే పర్స్ సీన్ వలలను తీరం నుండి 24 నాటికల్ మైళ్ల లోపల, అనగా సుమారు 44 కిలోమీటర్ల లోపల, నిషేధించినారు. రెండవది, మయోత్ నుండి వేటకు పోయే 10 మీటర్ల లోపు పడవలకు లైసెన్సులు, చేపల రాకపోకల నమోదు మొదలైన అనేక నిబంధనల నుండి 2021 డిసెంబరు 31 వరకు మినహాయింపు ఇచ్చినారు. మూడవది, గుడ్లుపెట్టే కోళ్లను పాతరకం ఇరుకు పంజరాలలో ఉంచడానికి 2017 చివరివరకు అనుమతించినారు. ఐతే కొత్తగా అట్టి పంజరాలను కట్టరాదు. వాటి గుడ్లను ద్వీపంలోనే అమ్మవలెను. నాల్గవది, పశువుల కళేబరాలను, వ్యర్థాలను శుద్ధిచేసే కర్మాగారాలు లేనందున 2021 జనవరి 1 వరకు వాటిని అక్కడికక్కడే కాల్చడానికో పూడ్చడానికో వీలు కల్పించినారు.

మెచ్చదగిన అంశాలు

ఈ సవరణలలో వివేకం లేకపోలేదు. పెద్ద నావ ఒక్క వలతో తీసే చేపలు, దోనెలోని జాలరి అనేక దినాలు శ్రమించినా దొరకవు. కనుక తీరానికి దగ్గరి నీటిని పెద్దవలల నుండి కాపాడడం న్యాయమే గాక శాస్త్రసమ్మతం కూడ. కోళ్ల విషయంలోని ఏర్పాటు కూడ పొందికైనది. గడువు ఇచ్చినారు, కాని ఆ గడువులో పాతపద్ధతి పెరగకుండా, వెలుపలి బజారుకు పోకుండా కట్టుబాటు చేసినారు. లేని కర్మాగారాన్ని ఒక్క దినంలో కట్టుమనడం ఎవరికీ సాధ్యం కాదు. సాధనాలు సమకూర్చుకొనడానికి వ్యవధి ఇవ్వడం తప్పు కానేకాదు.

చేపల లెక్కలో లోపం

లోపం మరొకచోట ఉన్నది. సాధనాలకు ఇచ్చినట్లే లెక్కకు కూడ గడువు ఇచ్చినారు. సమాఖ్య పడవల సామర్థ్యానికి గరిష్ఠ పరిమితులు నిర్ణయించే పట్టికలో మయోత్ పేరిట పెద్ద ట్యూనా నావలకు 13,916 టన్నేజి అని స్పష్టంగా ఉన్నది. 10 మీటర్ల లోపు పడవల వరుసలో మాత్రం అంకె లేదు. తరువాత చేర్చవలసినదనే గుర్తు మాత్రమే ఉన్నది. ద్వీపవాసుల తిండికి, జీవనానికి ఆధారమైన పడవల స్థానమే ఖాళీగా మిగిలింది. 2014 సెప్టెంబరు 30 లోగా సులభమైన తాత్కాలిక పర్యవేక్షణ పద్ధతిని ఏర్పరచవలెనని ఫ్రాన్సును కోరిన మాట నిజమే. పడవల సామర్థ్యాన్ని తెలిసికొనడం కూడ అందులో ఒక అంశం. కాని పడవలను లెక్కించినంత మాత్రాన చేపలు లెక్కకు రావు.

ఒక జలాశయంలో చేపలు తరుగుతున్నవా లేదా అన్నది పట్టిన చేపల బరువును బట్టి మాత్రమే తెలియదు. అంత బరువు పట్టడానికి ఎన్ని గంటలు పట్టినదో కూడ తెలియవలెను. నాలుగు గంటలలో దొరికిన చేపలకే ఇప్పుడు ఎనిమిది గంటలు పట్టితే, బరువు మారకపోయినా సంపద తరిగినదని అనుమానించవలెను. పగడపు దిబ్బలలో బొంత జాతి చేపలు ఆలస్యంగా ఎదుగుతవి. గుడ్లుపెట్టే కాలంలో ఒకచోట గుమిగూడుతవి. అట్టిచోట వేట హెచ్చితే, కోలుకొనడానికి చాలకాలం పడుతుంది. జరిఫాకు పడవే లేదు గనుక, పడవను ప్రమాణంగా తీసికొన్న చట్టానికి ఆ స్త్రీల వేట అసలే కనబడదు.

పశువుల ఆరోగ్యం

పశువుల విషయంలో ఈ లోపం మరింత ప్రమాదకరం. రిఫ్ట్ లోయ జ్వరం అనే వైరసు వ్యాధి పశువులలో గర్భస్రావాలను, మనుష్యులలో జ్వరాన్ని కలిగిస్తుంది. దోమల వలనను, రోగపు పశువుల రక్తమాంసాలను తాకడం వలనను ఇది వ్యాపిస్తుంది. 2007, 2008 సంవత్సరాలలోనే మయోత్‌లో మనుష్యులకు ఇది సోకినట్లు బయటపడింది. వ్యాధి వచ్చిపోయిన పశువులలో రోగనిరోధక శక్తి ఉంటుంది. కాని ఆ పశువులు క్రమంగా పోయి కొత్తదూడలు పుట్టుతుండగా మందలో రక్షణ సన్నగిల్లుతుంది. అప్పుడు వెలుపలి నుండి వైరసు మళ్లీ ప్రవేశిస్తే వ్యాధి ఒక్కసారిగా చెలరేగుతుంది. 2018 చివర మొదలై 2019లో సాగిన వ్యాప్తిలో 140 మందికి పైగా దీని వాతబడినారు. సమీపపు అంజువాన్ దీవి 70 కిలోమీటర్ల దూరమే. చిన్నపడవలలో పశువులు రాగల దూరమది.

ఈ వ్యాధి నడకను శాస్త్రజ్ఞులు కొంత గణించగలిగినారంటే, పశువుల రక్తనమూనాలను ఏళ్ల తరబడి పరీక్షించిన నిఘా ద్వీపంలో ఉండడమే కారణం. లెక్కించినచోట జ్ఞానం కలిగింది.

కళేబరాలను పూడ్చడంలోను ఇదే ప్రశ్న. జబ్బవాపు కలిగించే సూక్ష్మజీవుల బీజాలు మట్టిలో ఏళ్లపాటు బ్రతికి ఉండగలవు. కొండవాలులు నిటారుగా ఉండి, వానలు ఉధృతంగా కురిసే ద్వీపంలో ఏ పశువును ఏ కారణాన ఎక్కడ పూడ్చినారో వ్రాసిపెట్టుకొనకపోతే, ముందుతరపు మందలు మేసే నేలను గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు. పూడ్చడానికి అనుమతి ఇచ్చినవారు పూడ్చిన చోటును నమోదు చేయించడాన్ని అంత గట్టిగానే పట్టుపట్టవలసి ఉన్నది.

ముగింపు

ఈ సవరణలపై సమాఖ్య సంస్థల మధ్య న్యాయస్థానంలో వివాదం నడిచింది. 2015 డిసెంబరులో తీర్పు వచ్చింది. కాని వివాదమంతా వాటిని ఏ అధికరణం కింద చేయవలెననే దానిని గురించే. లగూనులో చేపలెన్ని, మందలో రక్షణ ఎంత అన్న ప్రశ్నలు ఆ వ్యాజ్యానికి విషయం కాలేదు. 2024 డిసెంబరు 14న చిడో తుఫాను ఈ ద్వీపాన్ని ధ్వంసం చేసింది. అట్టి విపత్తు తరువాత ఏది ఎంత పోయినదో తేల్చడానికి, మునుపు ఎంత ఉన్నదో తెలియవలెను. పట్టికలో లేని దోనెకు, నమోదుకాని మేకకు నష్టం నిరూపించుకొనడం పేదవానికి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. పర్యవేక్షణ లేకపోవడం మొదట జాలరికి సౌకర్యంగానే తోచుతుంది; చివరకు దాని నష్టం అతనిమీదనే పడుతుంది.

కొత్తగా చేరిన ప్రాంతానికి పంజరాలు మార్చుకొనడానికి, కర్మాగారాలు కట్టుకొనడానికి గడువు ఇవ్వవలసినదే. కాని చేపలను, పశువులను, వ్యాధులను లెక్కించే పని మాత్రం చేరిన దినం నుండే ప్రారంభం కావలెను. ఆ లెక్క ఉన్నప్పుడే, గడువు తీరిన తరువాత నియమాన్ని బిగించవలెనా సడలించవలెనా అనేది ఊహతో గాక ప్రమాణంతో నిర్ణయించవచ్చును.