రంగులూ వాడిపోతాయి

లిటిల్ ఇండియాలో, బఫెలో రోడ్డు పూలకొట్లలో తామర మొగ్గలు దొరుకుతాయి. కోసిన మొగ్గ ఇంటికొచ్చాక తనంతట తాను విచ్చుకోవడం అరుదు. అందుకే రేకుల్ని ఒక్కొక్కటే వేళ్లతో వెనక్కి మడిచి, జాడీలో పెట్టి బొమ్మ వేయడానికి కూర్చుంటాను. మధ్యాహ్నానికల్లా మడతల దగ్గర గోధుమరంగు గీత పడుతుంది. సింగపూర్ ఉక్కకు కాగితం మీద తడి ఓ పట్టాన ఆరదు, పువ్వేమో ఆగదు. అందుకని ముందు రేకులు, తర్వాతే కాడా ఆకూ.

“పువ్వు వాడినా బొమ్మలో నిలిచిపోతుంది కదా” అంటారు చూసినవాళ్లు. ఆ మాట నేను ఒప్పుకోను. రంగుకీ ఆయుష్షుంది. వాన్ గోగ్ 1890లో వేసిన గులాబీలు ఇవాళ తెల్లగా కనిపిస్తాయి. వేసిననాడు అవి గులాబిరంగువే. ఆయన వాడిన ఎరుపు వెలుతురుకు వెలిసిపోయింది. డచ్ చిత్రకారుడు యాన్ వాన్ హౌసమ్ మరీ పట్టుదల మనిషి. పసుపు గులాబీ దొరకలేదని బొమ్మ పూర్తి చేయకుండా ఉంచేసి, ఆ సంగతి 1742లో ఉత్తరంలో రాశాడు. అంతటివాడి చిత్రాల్లోనూ ఆకులు నీలం తిరిగాయి. పచ్చదనం కోసం కలిపిన పసుపు వెలిసిపోయి నీలం మిగిలిందన్నమాట. నా పెట్టెలోని అలిజరిన్ క్రిమ్సన్‌దీ అదే తీరు. ఎవరికైనా ఇచ్చే బొమ్మ అయితే వెలుతురుకు నిలిచే క్వినాక్రిడోన్ ఎరుపు వాడతాను. నాకోసం వేసుకునేదాంట్లో ఇప్పటికీ అలిజరినే. తామర రేకులో ఉండే ఆ లోతు నాకు దాంతోనే వస్తుంది.

వెలిసిపోతుందని తెలిసీ ఎందుకు వేయడం? నాకు జవాబు చెప్పింది చిత్రకారిణి జార్జెట్ చెన్ చిత్రాలే. 1953లో సింగపూర్ వచ్చి, మరుసటేడాది నుంచి నాన్యాంగ్ లలితకళల అకాడమీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారామె. రంబుటాన్లు, మంగుస్తాన్లు, తామరలు, అన్నీ ఆమె బొమ్మలకు ఇక్కడి సంత ఇచ్చిన సరుకే. 1970 ప్రాంతంలో వేసిన ‘లోటస్ ఇన్ ఎ బ్రీజ్’ నాకు ప్రాణం. అందులో తామరాకులు గాలికి ఊగుతుంటాయి. పువ్వును ఆపి నిలబెట్టాలని ఆమె చూడలేదు, కదులుతుండగానే వేశారు. పూలు వేసే ఎవరికైనా ఇంతకన్నా పెద్ద పాఠం ఉందని నేను అనుకోను.

ఆ చిత్రం ఇక్కడి నేషనల్ గ్యాలరీ సేకరణలో ఉంది. పూల బొమ్మలంటే గోడకు అలంకారమనుకునేవాళ్లు ఒక్కసారి వెళ్లి ఆమె చిత్రాల ముందు నిదానంగా నిలబడండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. ఇక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకూ శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు.