జామపండు రంగు, గింజ: పాఠములో విడిచిన సంగతులు

మెండెల్ సూత్రములను బోధించునపుడు బఠానీతో ఆగక, పెరటి జామను ఉదాహరణగా తీసికొనుట మెచ్చదగిన పద్ధతియే. కాని ఎఱ్ఱ గుజ్జు బహిర్గతము, తెల్ల గుజ్జు అంతర్గతము, రెండవ తరములో 3:1 అని చెప్పి ముగించిన పాఠము వలన తెలివికంటె భ్రమయే ఎక్కువగును.

అసలు ఎఱ్ఱ జామ యనగా ఏది? గుజ్జునకు ఎఱుపునిచ్చునది లైకోపీన్; టొమాటోలో నున్నదియు అదియే. 'ఆపిల్ కలర్' రకములో ఎఱ్ఱబడునది తోలు. దానికి కారణము ఆంథోసయనిన్. లోపలి గుజ్జు తెలుపే. చలి చాలని చోట ఆ తోలునకు రంగు సరిగా రాదు. గుజ్జును గూర్చిన నిష్పత్తిని తోలునకు అంటగట్టరాదు.

బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో జరిగిన సంకరణములలో ఎఱ్ఱ గుజ్జు తెలుపు మీద, పెద్ద గింజ మెత్తని గింజ మీద బహిర్గతములనియు, ఒక్కొక్కటి ఒక్కొక్క జన్యువు వశమున నున్నదనియు తేలినది. పాఠమునకు ఎక్కవలసిన సంగతి దీని తరువాతిది: ఆ రెండును సహలగ్నములు. తినువారు కోరునది ఎఱ్ఱ గుజ్జు, మెత్తని గింజ. చెట్టు మాత్రము ఎఱుపుతో పెద్ద గింజను జతపఱచి ఇచ్చును. అవి స్వతంత్ర లక్షణములైనచో, సంకరమును తెల్లని మెత్తగింజ రకముతో కలిపినపుడు నూటికి 25 మొక్కలు కోరిన జతను చూపవలెను. పునస్సంయోజనము నూటికి 10 అని లెక్కకొఱకు అనుకొన్నచో, అట్టి మొక్కలు 5 మాత్రమే. విత్తు మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవరకు మిగిలిన 95 మొక్కలకును నేల, నీరు ఇయ్యవలసినదే. 9:3:3:1 ను వల్లించిన విద్యార్థికి ఈ చిక్కు తోచదు. పైగా 'పెద్ద' అనునది పరిమాణము, 'మెత్తన' అనునది గట్టిదనమునకు సంబంధించిన మాట. ఈ రెంటిని ఎదురెదురుగా నిలుపుట అంత నిక్కచ్చియైన వర్గీకరణ కాదు. పంటి కింద గింజ మెత్తనో గట్టియో చెప్పుట, బఠానీ గింజ నునుపో ముడుతయో చెప్పినంత తేలికయు కాదు.

గింజలేని జామను కూడ ఈ పట్టికలోనే చేర్చుట మఱియొక తప్పు. మామూలు జామలో క్రోమోసోములు 22. గింజలేని త్రయస్థితిక రకములలో 33. జతలు కుదరక బీజకణములు చెడును. అందుచేతనే గింజ కట్టదు; కాపు తక్కువ, పండ్లు వంకర.

బఠానీ తనంతట తానే ఫలదీకరణము చెందును. జామలో పరపరాగ సంపర్కము ఇంచుమించు మూడవవంతు వరకు జరుగును. కావున పెరటి ఎఱ్ఱ జామ సమయుగ్మజమని ముందే అనుకొనుటకు వీలులేదు. విషమయుగ్మజమైనచో, తెల్లదానితో కలిపినపుడు సగము మొక్కలు తెల్ల పండ్లనే కాయును. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రములో అలహాబాదు సఫేదా, కోహీరు రకములను కలిపి సఫేద్ జామ్, కోహీర్ సఫేదా అను రకములను తీసిరి. వీనిని అంట్లు కట్టియే పెంచవలెను. గింజ నాటినచో తల్లి పండే వచ్చునను హామీ లేదు.