అప్పు కాగితం తిరగేసి చూడండి

తాతల నాటి ట్రంకుపెట్టెలో రెండు మూడు ప్రామిసరీ నోట్లు బయటపడితే చాలు, పెద్దాయన ఊరంతా అప్పులు చేశాడని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. నాకు ఆ తొందర నచ్చదు. కాగితాలు పక్కపక్కన పరిచి లెక్క కట్టకుండా మనిషి మీద తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు నా ముందున్న రెండు నోట్లు గోదావరి వైపు ఒక రైతు రాసినవి. 1929లో 200 రూపాయలకు ఒకటి, 1932లో 272కి ఇంకొకటి, ఒకే షావుకారుకు. కుటుంబ ఖర్చుల నిమిత్తం రొక్కం పుచ్చుకున్నట్టు రెండింటిలోనూ ఉంది. వడ్డీ నూటికి నెలకు రూపాయి. 200కి మూడేళ్ల వడ్డీ ఎంత? సరిగ్గా 72. అంటే రెండోసారి రొక్కమేమీ చేతులు మారలేదు. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, దావాకు పనికిరాదు. అందుకే గడువులోగా అసలూ వడ్డీ కలిపి తిరగరాయించుకున్నారు. పంట ధరలు పడిపోయిన ఆ మాంద్యం రోజుల్లో వడ్డీ కట్టలేకపోవడం దుబారా ఎలా అవుతుంది?

రెండో నోటు వెనక వైపు ఇంకా విలువైనది. అక్కడ ఇరవై రూపాయల చెల్లు, తేదీ, రైతు సంతకం. ఆ చెల్లుతో గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. దాని కింది చెల్లు మీద సంతకం కొడుకుది. రెండు తేదీల మధ్య తండ్రి పోయాడేమో వెతకాలి. మంచాన పడి కొడుకును పంపి ఉండవచ్చు కూడా, కాబట్టి చావు సంవత్సరమని అప్పుడే రాసుకోకూడదు.

రాజాజీ ప్రభుత్వం 1938లో తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం కూడా తిరగరాసిన నోట్లను ఇలాగే విప్పింది. మొదట చేతికిచ్చిన సొమ్మునే అసలుగా లెక్కగట్టమంది. 1932 అక్టోబరు 1కి ముందటి బాకీల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టిన రైతుకు బాకీయే లేదంది. నోటు మీద 272 ఉన్నా, ఆ చట్టం లెక్కలో అసలు 200 మాత్రమే.

మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే ఫొటో రెండు వైపులా తీయండి. చెల్లులు, సాక్షులు, దస్తూరి రాసినవారి పేరు, అన్నీ పడేలా తీయండి. అప్పు తీరిపోయిందిగా అని దయచేసి చించెయ్యకండి.