రాతియుగపు కాఫీలో తేనె ఎంత?

మీలో కాఫీ ఇష్టపడేవాళ్ళు ఎంతమందో చెప్పలేంగాని, తీపి ఇష్టపడనివాళ్ళు మాత్రం చాలా తక్కువే ఉంటారు. ఆ రెండింటినీ మానుకోనక్కర్లేదు, పైగా అవి మన ఆదిమ పూర్వీకుల ఆహారమేనని ఎవరైనా చెబితే వినడానికి ఎంతో బాగుంటుంది. 'పేలియో ఆహారం' అనే పేరుతో ప్రచారంలో ఉన్న వంటకాల్లో ఇలాంటివి కోకొల్లలు. పాలకు బదులు కొబ్బరిపాలు, పంచదారకు బదులు తేనె కలిపిన కాఫీ. గోధుమపిండికి బదులు బాదంపిండితో చేసిన కేకు. ఖర్జూరం, జీడిపప్పు, కోకో పొడి కలిపి చుట్టిన లడ్డు. ఇవన్నీ ప్రకృతిసిద్ధమైనవి, రాతియుగపు మనిషి తిన్నలాంటివి, కనుక నిశ్చింతగా తినవచ్చు అన్నది వీటి వెనక ఉన్న వాదన.

ఈ వాదన ఎంతవరకు నిలబడుతుందో పరిశీలిద్దాం. అందుకోసం మనం ఒకసారి అండమాన్ దీవులకు వెళ్ళి రావాలి. వ్యవసాయం లేకుండా, వేట మీద, అడవిలో దొరికే వాటి మీద ఆధారపడి బతికిన మనుషులు తీపిని ఎలా తిన్నారో చక్కగా నమోదైన చోట్లలో ఆ దీవులు ఒకటి. పైగా అక్కడ మనవాళ్ళు కూడా తక్కువేం లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే.

వాదం ఎలా పుట్టింది?

1975లో వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే అమెరికన్ వైద్యుడు రాతియుగపు ఆహారం గురించి ఒక పుస్తకం రాశాడు. 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఇదే విషయంపై వ్యాసం ప్రచురించారు. 2002లో లోరెన్ కార్డేన్ రాసిన 'ది పేలియో డైట్' అనే పుస్తకంతో ఇది సామాన్య జనంలోకి వచ్చింది. వీరి వాదన సారాంశం ఇది. మనిషి లక్షల సంవత్సరాలు వేటాడి, ఏరుకుని తిన్నాడు. వ్యవసాయం వచ్చి సుమారు పదివేల సంవత్సరాలే అయింది. ఇంత తక్కువ కాలంలో మన శరీరం ధాన్యాలకు, పప్పులకు, పాలకు అలవాటు పడలేదు. కాబట్టి వాటిని వదిలి మాంసం, చేపలు, కాయగూరలు, పండ్లు, గింజలు తినాలి.

ఇందులో మంచి లేకపోలేదు. కారఖానాల్లో తయారైన తినుబండారాలు, శీతల పానీయాలు తగ్గించి కాయగూరలు, పండ్లు ఎక్కువ తినమంటే ఏ వైద్యుడూ కాదనడు. కొద్దిమందిపై కొన్ని వారాలపాటు జరిపిన ప్రయోగాల్లో బరువు, రక్తంలో చక్కెర తగ్గినట్లు కనిపించింది కూడా. అయితే ఆ ఫలితం 'రాతియుగం' వల్ల వచ్చిందా, చిరుతిళ్ళు మానడం వల్ల వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

ఇక అసలు వాదనలోని లోపాలు చూడండి. పదివేల సంవత్సరాల్లో మన శరీరం ఏమీ మారలేదన్నది నిజం కాదు. పశువులను పెంచిన జాతుల్లో పెద్దయ్యాక కూడా పాలను అరిగించుకునే లక్షణం వ్యాపించింది ఈ కాలంలోనే. పిండిపదార్థాన్ని విడగొట్టే ఎమైలేజ్ అనే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు ప్రతులు, పిండిపదార్థం ఎక్కువగా తినే జాతుల్లో సగటున ఎక్కువగా ఉన్నట్లు 2007లో తేలింది. పోనీ, రాతియుగపు మనిషి ధాన్యం ముట్టలేదా అంటే అదీ కాదు. జోర్డాన్ దేశంలో సుమారు 14,400 సంవత్సరాల నాటి పొయ్యిలో మాడిన రొట్టె ముక్కలు దొరికినట్లు 2018లో పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంటే అక్కడ వ్యవసాయం మొదలు కావడానికి వేల సంవత్సరాల ముందే మనిషి రొట్టె కాల్చుకున్నాడన్నమాట!

తేనెకు కాలం ఉంది, కట్టుబాటు ఉంది

ఇప్పుడు అండమాన్‌కు వద్దాం. ముందుగా ఒక హెచ్చరిక. అక్కడి ఓంగీలు, జరావాలు, గ్రేట్ అండమానీలు 'రాతియుగంలో ఆగిపోయినవారు' కారు. వారు కుండలు చేసుకున్నారు. పగిలిపోయిన ఓడల నుంచి ఇనుము తీసి బాణాలకు మొనలు చేసుకున్నారు. వారికీ మనకున్నంత చరిత్ర ఉంది. కాకపోతే వారు పంటలు పండించలేదు. అడవిపంది, చేపలు, పీతలు, తాబేళ్ళు, దుంపలు, అడవి పండ్లు, తేనె వారి ఆహారం.

ఇందులో తీపి అంటే ముఖ్యంగా తేనే. బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1906–08 మధ్య ఆ దీవుల్లో ఉండి వారి జీవితాన్ని పరిశీలించి, 1922లో పుస్తకంగా వెలువరించాడు. అందులో ఒక చక్కని విషయం ఉంది. అండమానీలు సంవత్సరంలో కొంత భాగాన్ని ఆ సమయంలో పూసే పూల పేర్లతో గుర్తించేవారు. ఒక పూల కాలం పోయి మరొకటి వచ్చేసరికి అడవి వాసన మారుతుంది, తేనె రుచి మారుతుంది. మనం చైత్రం, వైశాఖం అన్నట్లు వారు ఫలానా పూల కాలం అనుకునేవారు. తేనె సమృద్ధిగా దొరికేది వేసవిలోనే.

కాలంతోపాటు కట్టుబాటు కూడా ఉండేది. యుక్తవయసుకు వచ్చిన పిల్లలు కొన్ని ఇష్టమైన ఆహారాలను, వాటిలో తేనెను కూడా, నెలల తరబడి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం మానేసేవారు. తిరిగి తినడం మొదలుపెట్టేటప్పుడు దానికొక వేడుక చేసేవారు. తేనెమైనాన్ని కరిగిస్తే గాలివానలు పంపే దేవతకు కోపం వస్తుందన్నది వారి నమ్మకం. ఆ నమ్మకంలో శాస్త్రం వెతకనక్కర్లేదు. కాని తేనె వారికి మామూలు వస్తువు కాదన్న సంగతి మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

శ్రమ సంగతి చెప్పనే అక్కర్లేదు. చెట్ల కొమ్మలకు పెద్ద పట్టు పెట్టే కొండతేనెటీగలు ఎంత ప్రమాదకరమో మీకు తెలుసు. లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు యాలకుల కుటుంబానికి చెందిన ఒక మొక్కను నమిలి, ఆ రసాన్ని ఒంటికి పూసుకుని, నోటితో ఈగల మీదికి చిమ్ముతారు. ఈగలు కుట్టకుండా పట్టును వదిలి తప్పుకుంటాయి. 1980ల్లో వృక్షశాస్త్రజ్ఞులు దీనిని గమనించి శాస్త్ర పత్రికల్లో రాశారు. పొగ అవసరం లేని ఈ పద్ధతి వారి పరిశీలనా శక్తికి నిదర్శనం.

ఒక్కసారి ఆలోచించండి. అడవంతా నడవాలి, పట్టును కనిపెట్టాలి, మందుమొక్క వెతకాలి, చెట్టెక్కాలి. తెచ్చినదాన్ని అందరూ పంచుకోవాలి. పూల కాలం అయిపోతే మళ్ళీ ఏడాది దాకా ఎదురుచూడాలి. ఆ తేనె వేరు, అంగట్లో సీసా కొని రోజూ మూడుసార్లు కాఫీలో కలుపుకునే తేనె వేరు. రెండింటి రసాయన నిర్మాణం దాదాపు ఒకటే కావచ్చు. ఒంట్లోకి పోయే మోతాదు మాత్రం ఒకటి కాదు. పేలియో తీపి వంటకాలు పట్టించుకోని విషయం ఇదే.

కొబ్బరిపాలు, కాఫీ ఎక్కడివి?

'ఆదిమ' కాఫీలో పోసే కొబ్బరిపాల సంగతి మరీ విచిత్రం. నికోబార్ దీవుల నిండా కొబ్బరిచెట్లే. ఉత్తరాన ఉన్న కోకో దీవులకు ఆ పేరే వాటివల్ల వచ్చింది. మధ్యనున్న అండమాన్‌లో మాత్రం, 1858లో బ్రిటిష్‌వారు ఖైదీల స్థావరం పెట్టి తోటలు వేయించేవరకు కొబ్బరి దాదాపు లేదు. అంటే అండమాన్ అడవుల్లో వేటాడి బతికిన మనిషికి కొబ్బరిపాలు తెలియవు. కొబ్బరితోటలు పెంచుకున్న నికోబారీలేమో పందులను కూడా పెంచుకునే స్థిరనివాసులు. ఒకే కేంద్రపాలిత ప్రాంతంలోనే ఆదిమ ఆహారం ఇన్ని రకాలుగా ఉంటే, ప్రపంచమంతటికీ కలిపి 'రాతియుగపు భోజనం' ఒకటే ఉంటుందా?

కాఫీ పుట్టిల్లు ఇథియోపియా ప్రాంతపు అడవులు. దాన్ని పానీయంగా తాగినట్లు గట్టి ఆధారాలు దొరికేది పదిహేనో శతాబ్దపు యెమెన్‌లో. అంటే రాతియుగం ముగిసిన వేల ఏళ్ళ తర్వాత! అందుకే ఈ ఆహారాన్ని పాటించేవారిలో కొందరు కాఫీని నిషేధిస్తారు, మరికొందరు సడలింపు ఇస్తారు. పాలు కూడదంటూనే కాఫీలో వెన్న వేసుకునేవారూ ఉన్నారు. నియమం శాస్త్రం మీద కాక ఇష్టం మీద నడుస్తోందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కాఫీ తాగవద్దని నేననడం లేదు. దాన్ని దాని గుణాలనుబట్టి అంచనా వేయమంటున్నాను. మెదడులో అలసటను తెలిపే ఎడినోసిన్ అనే పదార్థం పని చేయకుండా కాఫీలోని కెఫీన్ అడ్డుపడుతుంది. అందుకే నిద్ర పోతుంది. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి పెద్దవారిలో సుమారు అయిదు గంటలు పడుతుంది. పరీక్షల ముందు సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండింటికి కూడా సగం పని చేస్తూనే ఉంటుందన్నమాట. భోజనంతోపాటు తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. ఈ రెండు సంగతులూ కొబ్బరిపాలు పోసినంత మాత్రాన మారవు.

చెంచాతో ఒక లెక్క

తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే, మిగిలింది ఎక్కువగా నీరు. అయితే తేనె బరువైనది. చిన్న చెంచాడు పంచదార సుమారు 4 గ్రాములు తూగితే, చెంచాడు తేనె సుమారు 7 గ్రాములు తూగుతుంది. అందులో చక్కెర 5 గ్రాములకు పైనే. అంటే చెంచాకు చెంచా లెక్కన తేనెలోనే చక్కెర ఎక్కువ!

కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు కప్పులు తాగితే తేనె 42 గ్రాములు, అందులో చక్కెర దాదాపు 34 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం, విడిగా చేర్చే చక్కెరల నుంచి వచ్చే శక్తి మొత్తం శక్తిలో పదో వంతుకు మించకూడదు. ఇరవయ్యో వంతుకు, అంటే పెద్దవారికి రోజుకు సుమారు 25 గ్రాములకు తగ్గించుకుంటే ఇంకా మంచిది. ఈ లెక్కలో తేనెను కూడా పంచదారతోపాటే కలిపారని గమనించండి. ఖర్జూరంలో పీచు ఉంటుంది కనుక కొంత నయం. కాని వంద గ్రాముల ఎండు ఖర్జూరంలో 60 గ్రాములకు పైగా చక్కెరలు ఉంటాయి. ఖర్జూరం లడ్డు కూడా లడ్డే.

తీపి ఎరగా మారినప్పుడు

ఈ కథకు ఇంకొక ముఖం ఉంది. రాతియుగపు ఆహారమంటూ నగరాల్లో తేనె, కొబ్బరి అమ్ముతున్న కాలానికి ముందే, అండమాన్ ఆదివాసులకు మన నాగరికత తన ఆహారాన్ని ఎరగా చూపింది. జరావాలను, సెంటినలీలను మచ్చిక చేసుకోవడానికి పడవల్లో కొబ్బరికాయలు, అరటిపండ్లు తీసుకువెళ్ళి ఇచ్చేవారు. 1991 జనవరిలో సెంటినలీలు నీళ్ళలోకి దిగి అధికారుల బృందం నుంచి కొబ్బరికాయలు అందుకున్నారు. తర్వాత అలాంటి యాత్రలు మానేశారు. ఓంగీలను 1970ల్లో డుగాంగ్ క్రీక్ వంటి చోట్ల స్థిరపరచి బియ్యం, పంచదార, టీ పొడి వంటివి ఇవ్వసాగారు. 1901లో 672గా లెక్కించిన ఓంగీలు 2011 నాటికి 101 మంది. ఈ తగ్గుదలకు పంచదార కారణమని అనుకోకండి. బయటివారితోపాటు వచ్చిన వ్యాధులు, అడవి తరిగిపోవడం అందులో పెద్ద పాత్ర వహించాయి. అయినా ఏడాదికొకసారి పూల కాలం తెచ్చే తీపి స్థానంలో ప్రతి నెలా సంచిలో వచ్చే తీపి చేరడం ఎంత పెద్ద మార్పో మీరే ఊహించవచ్చు.

అండమాన్‌లో చదువుకుంటున్న విద్యార్థులకు ఈ సంగతి పుస్తకంలోది కాదు. శ్రీవిజయపురం నుంచి (2024 సెప్టెంబరు దాకా దాని పేరు పోర్ట్‌బ్లెయిర్) ఉత్తరానికి వెళ్ళే ట్రంక్ రోడ్డు జరావాల అడవి గుండా పోతుంది. ఆ దారిలో వాహనాల్లోంచి బిస్కెట్లు, మిఠాయిలు విసిరిన యాత్రికులు ఉన్నారు. అది దయ కాదు. చట్టం దాన్ని నిషేధించింది. మీ ఇంటికి వచ్చిన చుట్టాలకు ఈ మాట మీరే చెప్పాలి.

ఇక మిగిలినవారు చేయగలిగిన పని ఒకటుంది. ఏదైనా తినుబండారాన్ని పూర్వీకులది, ప్రకృతిసిద్ధమైనది అని ఎవరైనా పొగిడితే మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎంత? ఎన్నిసార్లు? దీనికోసం ఎంత నడిచాను? ఈ వారం మీ ఇంట్లో కాఫీలో, పాలలో కలిపే పంచదారను, తేనెను, బెల్లాన్ని చెంచాల్లో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి. వారం చివర కూడి చూడండి. ఆ మొత్తాన్ని చూశాక కాఫీ ఎలా కలుపుకోవాలో మీకే తెలుస్తుంది.