కుంచం ఎరగని పాఠకులకు

'మాలపల్లి'కి పీఠిక రాసిన భాగ్యం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. ఆ నవలలోని మాటలకూ ఆచారాలకూ వివరణ ఇచ్చే ఈ చిన్న పుస్తకానికి నాలుగు మాటలు రాసే పని నాకు దక్కింది. ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలి?

ఉన్నవ లక్ష్మీనారాయణగారిది సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు. ఐర్లండు వెళ్ళి బారిష్టరు చదివొచ్చిన మనిషి. పల్నాటి అడవి సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్ళి, 1922 నాటికి అక్కడే ఈ నవల రాశారు. ఆత్మకథ కాదిది. అయినా జైలు ఘట్టాల్లో అనుభవించినవాడి చెయ్యి తెలుస్తూనే ఉంటుంది. అంత చదువు చదివిన ఆయన పాలేళ్ళ నోటి తెలుగును దిద్దకుండా కాగితం మీద పెట్టారు. గ్రాంథికం పెత్తనం ఇంకా తగ్గని రోజులవి!

ఆ తెలుగు ఇప్పుడు గుంటూరు కుర్రాళ్ళకే కొరుకుడు పడటం లేదు. 4 మానికలు ఒక కుంచం, 4 కుంచాలు ఒక తూము, 20 తూములు పుట్టి. ఈ లెక్క రాకపోతే నవలలో తగాదా ఏమిటో అందదు. ధాన్యం ధర పెరిగిన కాలంలో గింజలు కొలవాల్సిన ఆసామి కూలివాడి చేతిలో డబ్బులు పెడితే, ఆ పూట వాడి కుండలో ఎంత తగ్గిందన్నదే అసలు సంగతి. నవలలోని రామదాసు కొడుకు సంగదాసు నిలబడిందీ, ఆసామి చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకున్నదీ ఆ లెక్క దగ్గరే. ఈ పుస్తకం రాసిన అమ్మాయి కుంచానికి 'ఒక కొలత' అని రాసి చేతులు దులుపుకోలేదు. కొలిచేటప్పుడు తలకొట్టడానికీ, రాశిగా పోయడానికీ తేడా కూడా చెప్పింది. తలకొట్టి కొలిస్తే పోయే గింజలు ఎవరివో చదివేవాళ్ళే తెలుసుకుంటారు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది. దాన్ని దగ్గర పెట్టుకుని, ఈ అమ్మాయి ఆపైన చేలల్లోకి కూడా వెళ్ళింది. సత్తెనపల్లి పక్కన కల్లం అన్న మాట ఇంకా బతికే ఉంది, కాకపోతే ఎండేది మిరపకాయ. తాలు కాయ ఏరే ఆడవాళ్ళకు కూలి డబ్బుల్లోనే ఇస్తారు. సరుకు టిక్కీ బస్తాల్లో మిర్చి యార్డుకెళుతుంది. కుంచం అడిగితే నవ్వుతారు. చేలో రాలిన కంకులు ఏరుకునే పరిగె మాత్రం ముసలమ్మలకు చప్పున గుర్తొచ్చిందట.

నాకు బాగా నచ్చింది సెటిల్మెంటు మీద రాసిన వివరణ. నేరస్థులని ముద్రవేసిన కులాలను ముక్తిఫౌజు (సాల్వేషన్ ఆర్మీ) చేతికప్పగించి కాపలాలో ఉంచిన కథ, బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం కథ తెలియకుండా రామదాసు కుటుంబం పడ్డ పాట్లు అర్థం కావు. వేదాంత పరిభాషకు మాత్రం ఇన్ని పేజీలు అక్కర్లేదు. రామదాసు చెప్పిన తీరే తేలిక.

ఒక్క మాట. 1923లో సర్కారు ఈ నవలను నిషేధించింది. 1928లో మార్పులతో అనుమతిచ్చి, 1936లో మళ్ళీ నిషేధించింది. మరుసటేడు రాజాజీ మంత్రివర్గం వచ్చాకే విడుదలైంది. కాబట్టి ఏ మాట ఏ కూర్పులోదో మలి ముద్రణలోనైనా పక్కన గుర్తు పెట్టమ్మా.