నొప్పి పెడుతుందనే చెప్పండి

మా అచ్చంపేటలో అన్నం తినని పిల్లలకు బూచోడి తర్వాత వినపడేది డాక్టరు పేరే. "తింటావా, సూది పొడిపించమంటావా?" అని రోజూ బెదిరిస్తాం. జ్వరం ముదిరి గుంటూరు పెద్దాసుపత్రికి పరుగెత్తిన రోజు మాత్రం "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టే ఉంటుంది" అంటాం. మొదటి పోటుకే మన బండారం బయటపడుతుంది. రెండోసారి సెలైన్ పెట్టాలంటే నలుగురు పట్టుకోవాలి.

టీకాల నొప్పి తగ్గించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కొన్ని సూచనలిచ్చింది. బిడ్డను ఒళ్లో పెట్టుకోవాలి, చంటివాళ్లకు పాలిస్తూ వేయించాలి, రెండు మూడు సూదులుంటే బాగా నొప్పెట్టేది ఆఖర్న వేయాలి. వాటితోపాటే, పిల్లలకు అబద్ధం చెప్పొద్దంది.

ఇంగ్లండులో ఒకప్పుడు గొడవ వేరు. హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న లారా అనే రెండేళ్ల పిల్ల మీద జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు 1952లో సినిమా తీశాడు. తల్లి చూసిపోవడమే తప్ప పక్కన ఉండే వీల్లేదు. ఏడుపు దిగమింగుకునే ఆ పిల్ల ముఖం తెరమీద చూసి చాలామంది డాక్టర్లు ఆయన మీదే మండిపడ్డారు. తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ చెప్పేసరికి 1959 వచ్చింది.

మనకు తోడుకేం కొదవ? మంచానికి ఒకవైపు అమ్మ, ఇంకోవైపు అమ్మమ్మ, కింద క్యారేజీ. పిల్లాడితో మాట్లాడేవాళ్లే ఉండరు. "ఆపరేషన్ పడుద్దంట, ఆరోగ్యశ్రీలో వస్తదో రాదో" అని వాడి నెత్తి మీదుగా మాట్లాడుకుంటాం, వాడికి చెవులు లేనట్టు.

ఒక పిల్లల వార్డులో ఓ సిస్టరమ్మ పని చూశాను. సూది తీయకముందే ప్లాస్టర్ చుట్ట ఆరేళ్ల వాడి చేతికిచ్చి, "మూడు ముక్కలు చించివ్వు, నీకు అంటించాలి" అంది. వాడు పళ్లతో కొరికి, వంకరటింకరగా చించి, మంచం కమ్మీకి వరసగా అంటించాడు. అప్పుడు చెప్పింది: "ఇప్పుడు గుచ్చుతా. నొప్పెడుద్ది. ఏడవాలంటే ఏడువు, చెయ్యి మాత్రం కదపమాక." ఏడ్చాడు. చెయ్యి కదపలేదు. ఎవరూ పట్టుకోనూ లేదు.

ఇంత రద్దీలో అంత తీరికెక్కడిది అంటారు. నలుగురిని కేకేసి కాళ్లూ చేతులూ పట్టించడానికి పట్టే సమయం ఎవరూ లెక్కెయ్యరు. పిల్లల వార్డులకు మానసిక నిపుణులు కావాలి, ఆ మాట గట్టిగా అడగాల్సిందే. సూది బెదిరింపు మానడానికి మాత్రం ఏ నియామకాలూ అక్కర్లేదు. కాకపోతే అది మా నాయనమ్మలకు చెప్పి ఒప్పించే మొనగాడెవరో నాకింకా కనపడలేదు.